అత్తింటి జవాబు, పుట్టింటి రక్తం

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను మారు వడ్డించుకుని మరీ తిన్నాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన వాటికి ఆ నిండు కడుపుతో సంబంధం ఉంది. మా అత్తమ్మ శామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. ఆదివారం బేరం అయిపోయాక మంచి చేపలు రెండు పక్కన పెట్టి ఇంటికి తెచ్చి పులుసు పెడుతుంది. నేను పుట్టింది మేడ్చల్‌లో కిరాణా దుకాణం నడిపే వైశ్యుల ఇంట్లో. పెళ్లయ్యేదాకా గుడ్డు కూడా ముట్టుకోలేదు. ఆ పులుసు రుచి చూశాక నా నియమాలన్నీ గాలికి పోయాయి.

సాయంత్రానికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. అత్తమ్మ వేడి చేసిందని మజ్జిగలో జీలకర్ర కలిపి ఇచ్చింది. అది తాగిన కాసేపటికి నొప్పి కుడివైపు కిందికి దిగి అక్కడే కూర్చుంది. మంచం మీద నుంచి లేవబోతే నడుము నిటారుగా నిలబడలేదు. ముందు రెండు రోజుల నుంచే ఆకలి మందగించి కడుపులో ఏదో తిప్పుతున్నట్టు ఉండేది. ఆదివారం కాస్త నయమనిపించి కక్కుర్తి పడ్డాను. మా ఆయన శ్రీను నా మొహం చూసి వెంటనే ఆటో పిలిచాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. నేను గుండ్లపోచంపల్లిలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో బిల్లింగ్ చూస్తాను. శ్రీను అదే కంపెనీకి డీసీఎం వ్యాన్ నడుపుతాడు. పరిచయం పెళ్లి దాకా వచ్చింది. వాళ్లు ముదిరాజులు. మా బాపు ఒప్పుకోలేదు. పెళ్లయిన రోజు నుంచి నాతో మాటలు బంద్. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. తమ్ముడు రాజేశ్ అప్పుడప్పుడు బాపుకు తెలియకుండా ఫోన్ చేసేవాడు, అంతే. తల్లి లేని పిల్లనని అత్తమ్మ నన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంది. చుట్టాల్లో ఎవరైనా నన్ను సావుకార్ల పిల్ల అంటే ఆమెకు కోపం వచ్చేది. మా పిల్ల అనండి అని అక్కడికక్కడే సరిదిద్దేది.

మేడ్చల్ రోడ్డు మీద ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్లాం. సర్జన్ కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కి ఠక్కున తీశాడు. నేను అరిచిన అరుపుకే ఆయనకు రోగం తెలిసిపోయినట్టుంది. అయినా స్కాన్ తీశారు. అపెండిక్స్ పగిలింది, చీము చేరుతోంది, ఓపెన్ సర్జరీ ఇప్పుడే చేయాలి అన్నారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. దాంతో నాకు మాటలు దూరంగా, మధ్యమధ్యలో తెగిపోతూ వినిపించాయి.

అప్పుడు మత్తు డాక్టరు వచ్చాడట. ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది అని అడిగాడట. కడుపు నిండుగా ఉంటే మత్తులో తిన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది, అందుకని గొంతులో ట్యూబు త్వరగా వేయాలి, దానికి త్వరగా పనిచేసే మందు వాడాలి. ఇదంతా నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ మందు గురించి ఆలోచిస్తూనే కావచ్చు, ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. మీరు వైశ్యులా అని.

నేను ముడుచుకుని పడుకుని ఉన్నాను. జవాబు అత్తమ్మ చెప్పింది.

"మేం ముదిరాజులం సారూ. గీ పిల్ల మా ఇంటి కోడలు. మా పిల్లనే."

డాక్టరు తలూపి వెళ్లిపోయాడు. రోగానికి కులమెందుకని అత్తమ్మ ఆ తర్వాత శ్రీను దగ్గర గొణిగిందట. వైశ్యుల పిల్లనని చెబితే ఎక్కువ డబ్బు గుంజుతారేమోనన్న అనుమానం కూడా ఆమెకు ఉండి ఉంటుందని నేను తర్వాత ఏడిపించేదాన్ని. కానీ అసలు సంగతి అది కాదని నాకూ తెలుసు. పెళ్లయిన ఆడపిల్లను ఎవరమ్మా మీరు అని అడిగితే అత్తింటి పేరే చెబుతారు. మనలో నూటికి నూరు మంది అదే చెబుతారు.

ఆపరేషన్ థియేటర్‌లో మొహం మీద మాస్కు పెట్టారు. తిన్నది పైకి రాకుండానే కావచ్చు, ఎవరో గొంతు దగ్గర గట్టిగా నొక్కారు. అంతవరకే గుర్తు.

తర్వాత నాకు మెలకువ వచ్చింది. వచ్చిందని నాకు ఒక్కదానికే తెలుసు.

కళ్లు తెరుద్దామంటే రెప్పలు లేవలేదు. మొదట నిద్ర ఇంకా వదల్లేదేమో అనుకున్నాను. కానీ మాటలన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి. పళ్లాల్లో సామాను వేస్తున్న చప్పుడు. కుట్ల దగ్గర మంట. గొంతులో గట్టిగా ఏదో ఉంది. ఊపిరి నేను పీల్చడం లేదు, అదే లోపలికి వస్తోంది, అదే బయటికి పోతోంది. వేలు కదుపుదామనుకున్నాను. నా ప్రాణమంతా ఆ వేలి కొసకు తెచ్చి కదిపాను. కదిలిందనే అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

"రివర్సల్ ఇచ్చి ఇంతసేపయింది, ఇంకా ఎఫర్ట్ లేదేంటి?" అని ఒక గొంతు అన్నది. రివర్సల్ అంటే కండరాలు తిరిగి పనిచేయడానికి ఇచ్చే మందట. ఇంకో గొంతు, ఒకసారి గాలి బ్యాగు నొక్కడం ఆపి చూద్దాం, ఊపిరి సొంతంగా తీసుకుంటుందేమో అన్నది.

ఆపారు.

ఆ కొద్దిసేపటి గురించి నేను చాలామందికి చెప్పాను, సరిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఊపిరి రాలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అమ్మా అని అరవాలని ఉంది. నోరు నాది కాదు. ఛాతీ నాది కాదు. లోపల నేనున్నాను, మా ఇంటి అడ్రసు గుర్తుంది, కంపెనీలో సోమవారం పంపాల్సిన లోడు గుర్తుంది, నేను చచ్చిపోతున్నానని తెలుసు. చుట్టూ మనుషులున్నారు. నాకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నారు. మళ్లీ బ్యాగు నొక్కారు, గాలి వచ్చింది. కాసేపాగి మళ్లీ ఆపారు.

ఎన్నిసార్లు ఆపారో లెక్క తెలియదు. చివరికి ఒక సిస్టర్ నా కంటి మీద దూదితో తుడిచి, సార్ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి అన్నది. ఆమె ఎవరో నాకు తెలియదు, మొహం చూడలేదు. ఆమె పిల్లాపాపలు చల్లగా ఉండాలి. ఆ మాట విన్నాక డాక్టరు ఏదో మందు పెట్టించాడు. నిద్ర వచ్చింది. లేచేసరికి ఐసీయూలో ఉన్నాను. మర్నాడు ట్యూబు తీశారు.

గొంతు పెగలగానే శ్రీనుకు అంతా చెప్పాను. అతను నా చెయ్యి నిమురుతూ విన్నాడు.

"నువ్వు కలగన్నవేమో స్వప్నా. మత్తుల గట్లనే అనిపిస్తదంట. ఐసీయూ సిస్టర్ చెప్పింది."

సర్జన్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఆయనకూ చెప్పాను. ఆయన నవ్వాడు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంది కదమ్మా, మత్తు దిగడం ఆలస్యమైంది, అందుకే వెంటిలేటర్ మీద ఉంచాం, ప్రాణం దక్కింది సంతోషించు అన్నాడు. మత్తు డాక్టరు మళ్లీ కనిపించలేదు. అడిగితే ఆయన వేరే ఆసుపత్రులకు కూడా తిరుగుతాడన్నారు. ఎందుకు ఆలస్యమైందో ఎవరూ చెప్పలేదు, ఏ పరీక్షా చేయలేదు. ప్రాణం కాపాడినవాళ్లను నిలదీస్తే కృతజ్ఞత లేనిదంటారని నేనూ నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే ఊపిరి ఆగినట్టయ్యేది. దుప్పటి మెడ దాటి రానిచ్చేదాన్ని కాదు. కుర్తా తల మీదుగా తీసేటప్పుడు ఒకసారి చేతులు ఇరుక్కుంటే వీధి వినేలా అరిచాను. షేర్ ఆటోలో మధ్య సీటులో కూర్చోవాల్సి వస్తే దిగిపోయి ఇంకో ఆటో కోసం నిలబడేదాన్ని. వెల్లకిలా పడుకోవడం పూర్తిగా మానేశాను. అత్తమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఆ తాయెత్తు దారం బిగుతుగా ఉందని నేనే కోసేసుకున్నాను. ఆమె బాధపడింది.

దీనికి తోడు ఆపరేషన్ గాయానికి చీము పట్టి మానడానికి చాలా రోజులు తీసుకుంది. మానిన చోట పక్కనే ఒక ఉబ్బు వచ్చింది. దగ్గితే నిమ్మకాయంత బయటికి వచ్చేది. పడుకుంటే లోపలికి పోయేది. చూపిస్తే హెర్నియా అన్నారు. లోపలి పొర బలహీనపడి పేగు తోసుకొస్తోంది, మెష్ అనే వల వేసి కుట్టాలి, దీనికి మందులు లేవు, ఆపరేషనే అన్నారు.

ఆపరేషన్ అన్న మాట వినగానే కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేశాను. చెప్పులు కూడా అక్కడే మరిచిపోయాను, శ్రీను చేత్తో పట్టుకొచ్చాడు. నడుముకు బెల్టు కట్టుకుని నెట్టుకొచ్చాను. ఉబ్బు పెద్దదైంది. బిందె ఎత్తడం మానేశాను, నవ్వడం కూడా తగ్గించుకున్నాను. వాయిదా వేస్తే ఏదో ఒక రోజు పేగు ఇరుక్కుని నల్లబడుతుంది, అప్పుడు అర్జెంటుగా కోయాల్సి వస్తుందని డాక్టర్లు చెప్పారు. అర్జెంటు అంటే మళ్లీ అదే బల్ల, అదే మాస్కు. చేయించుకుంటే ఆ చీకట్లోకి వెళ్లాలి, చేయించుకోకపోతే ఆ చీకటే నా దగ్గరికి వస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ రోజుల్లో తెలిసింది.

మా కంపెనీ మేనేజరు గారిది గుంటూరు వైపు. గుండ్లపోచంపల్లిలోనే ఒక కొత్త కాలనీలో ఉంటారు. మంచి మనిషి. నేను బెల్టు కట్టుకుని రావడం చూసి సంగతి అడిగారు. నేను మత్తంటే భయమని చెబితే ఆయన ఫోన్ తీసి తన రిపోర్టు చూపించారు. ఇప్పుడు మందులన్నీ మనిషిని బట్టేనమ్మా, జీన్స్ చూసి ఎవరికి ఏ మందు పడుతుందో చెప్పేస్తున్నారు, మా కాలనీలో క్యాంపు పెట్టారు, నువ్వూ చేయించుకో, ఒకసారి చేయిస్తే జన్మంతా పనికొస్తుంది అన్నారు.

ఇలాంటి ప్రకటనలు నేను కూడా చూశాను. సుచిత్ర చౌరస్తాలో బోర్డుల మీద, ఫోన్‌లో, ఆసుపత్రి లిఫ్టుల్లో కూడా. మీ డీఎన్ఏ, మీ మందు అని. నాకు అది దేవుడు పంపిన దారిలా కనిపించింది. ఆదివారం క్యాంపుకి వెళ్లాం. ట్యాబ్ పట్టుకున్న ఒక అమ్మాయి మేడమ్ మేడమ్ అంటూ ప్యాకేజీలు వివరించింది. మత్తు మందులు కూడా ఉంటాయా అని అడిగాను. అన్నీ కవర్ అవుతాయి మేడమ్ అన్నది. చిన్న గొట్టంలో ఉమ్మి పోసి ఇచ్చి వచ్చాను.

రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. రంగురంగులుగా ఉంది. పచ్చ రంగు ఉంటే మందు మామూలుగా వాడొచ్చు, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే వద్దు. ఒక గ్యాస్ మందుకి పసుపు వచ్చింది. కాఫీ నాకు పడుతుందని, జుట్టు త్వరగా నెరుస్తుందని కూడా రాశారు. మత్తు మందుల పేజీ మొత్తం పచ్చగా ఉంది. శ్రీను పండగ చేసుకున్నాడు. చూసినవా, నీకు ఏ మత్తయినా పడతదంట, గిదంతా నీ మనసుల భయమే అన్నాడు. హెర్నియా చూసిన సర్జన్‌కి చూపిస్తే ఆయన కూడా ఫోన్‌లో పేజీలు తిప్పి, అంతా గ్రీన్ కదా ఇంకెందుకు భయం అన్నారు.

మిగిలినవాళ్లు సంతోషపడుతుంటే నేను మాత్రం ఆ పేజీ మూసేశాను. అప్పటిదాకా నా మాట నమ్మనిది మనుషులు మాత్రమే. ఇప్పుడు నా ఒంట్లోని జీన్స్ కూడా నేను అబద్ధమాడానని సాక్ష్యం చెప్పాయి. ఇక ఎవరితో ఏమని వాదించాలి? ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. ధైర్యం వచ్చి కాదు, చెప్పడానికి మాటలు అయిపోయి ఒప్పుకున్నాను.

హెర్నియా పెద్దదని సుచిత్ర దగ్గర కాస్త పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడ ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు విడిగా చూస్తారు. పీఏసీ అంటారు. ఆ గదిలో ఒక నడివయసు డాక్టరమ్మ ఉంది. ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా అని మామూలుగా అడిగింది. నేనూ మామూలుగా మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి ఆమె రాయడం ఆపేసింది. నేను చివరిదాకా చెప్పాను. బ్యాగు ఆపడం, వేలు, సిస్టర్ తుడిచిన కన్నీళ్లు, అన్నీ. శ్రీను పక్కనుంచి, మేడమ్ గది కల అని అందుకోబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"అది కల కాదు. మీరు మెలకువగానే ఉన్నారు. నేను నమ్ముతున్నాను."

నేను ఆ బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. అన్నాళ్ల తర్వాత ఒక్క మనిషి నమ్మింది. ఆమె నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపి, మెల్లగా అడిగింది. మీ పుట్టింటివాళ్లు వైశ్యులా అని.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే నమ్మిందనుకున్న మనిషి కులం దగ్గరికి వచ్చింది. నా కులంతో మీకేం పని మేడమ్, దాని వల్లనే నేను పుట్టింటికి కాకుండా పోయాను అన్నాను. ఆమెకు కోపం రాలేదు. మీ పాత ఆసుపత్రి నుంచి మత్తు చార్టు తెప్పించండి అని శ్రీనుకు చెప్పి, నా చేతి నుంచి రక్తం తీయించింది. సూడోకోలినెస్టరేజ్ అని చిన్న పరీక్ష. మామూలు ల్యాబులో కూడా చేస్తారట. నేను చేయించిన రంగుల రిపోర్టు ముందు దాని ఖర్చు చిల్లర కింద లెక్క.

చార్టు వచ్చింది. అందులో స్కోలిన్ అని ఉంది. రక్తం రిపోర్టూ వచ్చింది. ఉండాల్సిన ఎంజైమ్ నాలో దాదాపు లేనే లేదు.

డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది. స్కోలిన్ ఇస్తే ఒంట్లో కండరాలన్నీ నిమిషంలో వదులైపోతాయి. మామూలుగా రక్తంలో ఉండే ఆ ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. నాలాంటివాళ్లలో గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. మత్తు దాని టైముకి అది దిగిపోయింది, స్కోలిన్ దిగలేదు. అందుకే మెలకువ వచ్చింది గానీ ఒళ్లు రాలేదు. ఇది ఎవరికైనా ఉండొచ్చు, వైశ్య కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు కదా అన్నది. మా అమ్మా బాపులది మేనరికమే.

శ్రీను తన ఫోన్‌లో పచ్చ రంగు పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. మరి గిదేంది మేడమ్ అన్నాడు. ఆమె చూసి నిట్టూర్చింది. అందులో సక్సినైల్‌కోలిన్ అని ఒక వరుస ఉంది, పచ్చగా ఉంది. స్కోలిన్ అసలు పేరు అదే. మత్తులో విపరీతమైన జ్వరం వచ్చే ఇంకో జబ్బు ఉంటుంది, దానికి సంబంధించిన జీన్ వెతికి, అందులో తేడా లేదని పచ్చ రంగు వేశారు. మీ జబ్బుకు సంబంధించిన జీన్ ఈ ప్యాకేజీలో వెతకలేదు అన్నది.

ఆ తర్వాత నేను ఆ కంపెనీకి ఫోన్ చేశాను. కోపం ఆపుకుని మర్యాదగానే అడిగాను. అవును మేడమ్, ఆ జీన్ మా పెద్ద ప్యాకేజీలో కూడా లేదు, మీ సూచన నోట్ చేసుకుంటాం అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు, ఇంటిల్లిపాదికీ చేయిస్తే తగ్గింపు ఇస్తామన్నారు. ఈ పరీక్షలు పనికిరావని నేను అనను. మా మేనేజరు గారి గుండె మందు అలాంటి పరీక్ష చూసే మార్చారు. కానీ వెతకని చోట కూడా పచ్చ రంగు వేసి అమ్మితే ఎలా? ఆ రంగును నమ్మి స్కోలిన్ మళ్లీ ఇచ్చి ఉంటే?

ఇంటికెళ్లి అత్తమ్మకు చెప్పక తప్పలేదు. తన జవాబు సంగతి ఆమెకు తట్టకుండా చెబుదామని చాలా చుట్టు తిరిగాను. ఆమె చురుకైన మనిషి, చదువు లేకపోయినా పట్టేసింది. చేపలు తోముతున్న చెయ్యి ఆగిపోయింది.

"నా నోటితోని నేనే నిన్ను చంపుకుంటుంటి గద బిడ్డా."

నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ రోజు నన్ను మా పిల్ల అన్నది. లోకంలో అప్పటికి నన్ను అలా అనే మనిషి ఆమె ఒక్కతే. దాన్ని తప్పంటే నా నోరు పడిపోతుంది. తప్పల్లా ఎక్కడంటే, ఒక మనిషి ప్రాణం కులం అడిగి తేల్చుకునే పద్ధతిలో ఉంది. డాక్టర్లకు అర్జెంటులో వేరే దారి లేదంటారు. సరే. ఎందుకు అడుగుతున్నారో ఒక్క ముక్క చెప్పి అడిగితే అత్తమ్మ వేరే జవాబు చెప్పేది కదా. ఈ కోపం నాకు ఇంకా పోలేదు.

రెండో ఆపరేషన్ ముందు రోజు నేను అన్నం తినలేదు, తినొద్దన్నందుకు కాదు. స్కోలిన్ వాడరని తెలుసు, వేరే మందు వాడతారని, దానికి విరుగుడు ఉందని, కండరాలు తిరిగొచ్చాయో లేదో చేతికి తగిలించిన చిన్న యంత్రంతో చూస్తారని డాక్టరమ్మ అన్నీ చెప్పింది. బుర్రకు తెలుసు, ఒంటికి తెలియలేదు. థియేటర్‌లో బల్ల మీదికి ఎక్కాను. మాస్కు దూరంగా పట్టుకోమని బతిమాలాను. ఆమె పట్టుకుంది. మీరు లేచేటప్పుడు మీ చెయ్యి నా చేతిలో ఉంటుంది, నొక్కండి, నేనూ నొక్కుతాను అన్నది.

లేచినప్పుడు మొదట వచ్చింది భయమే. మళ్లీ అదే అనుకున్నాను. తర్వాత వేళ్లు ముడుచుకున్నాయి, ఎవరివో వేళ్లు నా వేళ్లను తిరిగి నొక్కాయి. కళ్లు తెరిచాను. తెరుచుకున్నాయి. అంతకంటే పెద్ద సుఖం నా జీవితంలో ఇంకోటి లేదు, పెళ్లినాడు కూడా లేదు. ఈ మాట శ్రీనుకు చెప్పాను, నవ్వాడు.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు డాక్టరమ్మ నాకు స్కోలిన్ ఇవ్వకూడదని ఒక కార్డు రాసిచ్చి, మీ తోడబుట్టినవాళ్లకు పరీక్ష చేయించండి, వాళ్లకూ ఉండే అవకాశం ఉంది అన్నది. రాజేశ్‌కి ఫోన్‌లో చెబితే నవ్వులాటగా తీసుకున్నాడు. కుట్లు ఆరాక మేడ్చల్ వెళ్లాను. పెళ్లయ్యాక మా దుకాణం మెట్లెక్కడం అదే మొదలు. బాపు కందిపప్పు తూస్తున్నాడు. నన్ను చూసి కూడా చూడనట్టే త్రాసు వైపు తిరిగాడు. నేను గిరాకీల మధ్యలో నిలబడి, రాజేశ్‌తో చెబుతున్నట్టుగా, ఆయనకు వినబడేలా మొత్తం చెప్పాను. స్కోలిన్ అన్న పేరు మూడుసార్లు చెప్పాను. రాజేశ్, చేయించుకుంటలే అక్కా అన్నాడు. అది చేయించుకునే మాట కాదని నాకు తెలుసు. నేను మెట్లు దిగుతుంటే బాపు పొట్లం కడుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"మా చెల్లె గట్లనే పాయె. కాన్పు ఆపరేషన్ల మత్తుకెల్లి లేవనేలేదు."

మాకు ఒక మేనత్త ఉండేదని తెలుసు గానీ ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు. ఆమెది కూడా ఇదే జబ్బో కాదో ఇప్పుడు తేల్చేవాళ్లు లేరు. కానీ ఇంటికొచ్చే ఆటోలో దారి పొడవునా ఆమే కళ్లముందు ఉంది. చుట్టూ మనుషులు, లోపల మెలకువ. ఆమెకు కన్నీళ్లు తుడిచే సిస్టర్ దొరికిందో లేదో.

కొన్ని నెలలు గడిచాయి. ఒక రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా రాజేశ్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే రాజేశ్ గొంతు కాదు. ఆసుపత్రి గోల వినిపిస్తోంది. హైవే మీద బండి స్కిడ్ అయి రాజేశ్ తొడ ఎముక విరిగింది, కడుపులో కూడా దెబ్బ తగిలింది, వెంటనే ఆపరేషన్ చేయాలి. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు వినబడింది మా బాపు గొంతు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం కూడా మరిచిపోయినట్టుంది, ఎదురుగా ఉన్న డాక్టరుతో మాట్లాడుతున్నాడు.

"మా బిడ్డకున్నది సార్ గా రోగం. పేరు నాకు నోరు తిరుగుత లేదు. ఇగో, మా బిడ్డ. ఆమెతోని మాట్లాడుండ్రి."

నేను లేచి నిలబడ్డాను. డాక్టరు లైన్‌లోకి రాగానే స్కోలిన్ వద్దండి, మా ఇద్దరిదీ ఒకే రక్తం, నాకు ఎంజైమ్ లేదు అని గడగడా చెప్పాను. ఆయన కార్డు ఫొటో పంపమన్నాడు, పంపాను. వేరే మందు వాడారు. రాజేశ్ టైముకి లేచాడు. తర్వాత చేయిస్తే వాడి రిపోర్టు కూడా అచ్చం నాలాగే వచ్చింది. వాడిప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, పరీక్ష గురించి నవ్వడం లేదు.

నేను ఇప్పటికీ వెల్లకిలా పడుకోలేను. లిఫ్టు ఎక్కితే తలుపు పక్కనే నిలబడతాను. మొహం కడుక్కునేటప్పుడు ఒక కన్ను తెరిచే ఉంచుతాను. అది పూర్తిగా పోతుందని డాక్టరమ్మ కూడా మాట ఇవ్వలేదు. బాపు నాతో మాట్లాడేది ఇంకా తక్కువే. ఫోన్ చేసి ఆరోగ్యం అడుగుతాడు, అత్తమ్మ బాగుందా అంటాడు, పెట్టేస్తాడు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు మీరెవరు అని అడిగితే కోపం తెచ్చుకోకండి, గొప్పకూ పోకండి, ప్రేమతో కూడా తప్పు జవాబు చెప్పకండి. ఆ బల్ల మీద పడుకోబోయే మనిషి ఏ ఇంట్లో పుట్టిందో చెప్పండి, ఆ ఇంట్లో మత్తు నుంచి ఆలస్యంగా లేచినవాళ్లు, అసలు లేవనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల గురించి చెప్పండి. ఆ ఇంటితో మీకు మాటలున్నా, లేకపోయినా.